పక్కింటి "పిన్ని" నిజంగా పిన్ని కాదట. ఏం చెయ్యాలి?

ఓక్‌ట్రీ_కోడలు
న్యూజెర్సీలో టౌన్‌హౌస్‌లో ఉంటాం. పక్కింట్లో తెలుగువాళ్లే. ఇద్దరూ ఐటీ, రెండేళ్ల బాబు, నాలుగు నెలల పాప. పాప పుట్టకముందే ఇండియా నుంచి ఒకావిడ వచ్చింది. "మా ఆయన వైపు పిన్నిగారు, పురుడుకి సాయంగా వచ్చారు" అని పరిచయం చేశారు. నేనూ నిజమే అనుకున్నా. పండగకి గారెలు పంపిస్తే గిన్నె కడిగి, అందులో పంచదార పోసి తిరిగిచ్చింది. అంత పద్ధతి గల మనిషి.

మొన్న మంగళవారం చెత్త డబ్బాలు బయట పెడుతుంటే దగ్గరికొచ్చి, "అమ్మా, మీ ఫోన్లోంచి మా అబ్బాయికి ఒక్కసారి వాట్సాప్ చేసిపెడతావా" అంది. మీకు ఫోన్ లేదా ఆంటీ అన్నా. "వాళ్లు ఇంట్లో ఉన్నప్పుడు ఇస్తారమ్మా" అంది. అక్కడ మొదలై మొత్తం బయటికొచ్చింది. ఆవిడ వాళ్లకి పిన్నీ కాదు, ఏమీ కాదు. పాలకొల్లు వైపు పల్లెటూరు. విజిటర్ వీసా మీద తెచ్చారు. నెలకి అరవై వేల రూపాయలు అక్కడ కొడుకు ఖాతాలో వేస్తామన్నారు. పొద్దున ఐదున్నరకి పాపకి పాలతో మొదలైతే రాత్రి గిన్నెలయ్యేసరికి పది దాటుతుంది, మధ్యాహ్నం పిల్లలు పడుకుంటే కాసేపు నడుం వాలుస్తుంది. సెలవు అనే మాటే లేదు. బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన పరుపు. పాస్‌పోర్టు "వాళ్ల దగ్గర భద్రంగా ఉంది". ఆరు నెలల గడువు పోయిన నెలలోనే అయిపోయింది, పొడిగింపుకి కట్టామని వాళ్లు చెప్పారట. మోకాళ్ల నొప్పి అంటే ఇన్సూరెన్స్ లేదు కదా అని బిళ్లలిచ్చారట. బయట తిరిగితే పోలీసులు పట్టుకుంటారని చెప్పారట.

మా ఆయన "మనకెందుకు" అంటున్నారు. నాకు రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు.

గోంగూర_గ్యాంగ్
పిన్ని అని పిలిస్తే ఓవర్‌టైమ్ అడగదుగా. భలే కనిపెట్టారు.

మనకెందుకు_మామ
మీ ఆయన మాట వినండమ్మా. ఒకవైపు కథ విని తీర్పు చెప్పకూడదు. ఆవిడకి ఇల్లు గుర్తొచ్చి నాలుగు మాటలు ఎక్కువ చెప్పి ఉండొచ్చు. రేపు వాళ్లూ మీరూ ఒకే గుడికి వెళ్లాలి, ఒకే స్కూల్ బస్సు దగ్గర నిలబడాలి.

లెక్కల_మాస్టారు
నడుం వాల్చింది తీసేసి రోజుకి 14 గంటలు, 30 రోజులు అనుకుంటే 420 గంటలు. అరవై వేలంటే సుమారు 700 డాలర్లు. గంటకి డాలరున్నర పైన చిల్లర. న్యూజెర్సీ కనీస వేతనం 2025లో గంటకి 15.49 డాలర్లు. ఓవర్‌టైమ్ ఊసెత్తకుండానే నెలకి 6,500 దాటుతుంది. పోనీ రాష్ట్రం సంగతి వదిలేసి, 2009 నుంచి కదలని కేంద్ర కనీస వేతనం 7.25 పట్టుకున్నా 3,000 పైనే. పిన్నిగారు నెలనెలా వాళ్లకి ఒక కారు వాయిదా కాదు, రెండు కార్ల వాయిదాలు కడుతోంది.

నిద్రలేని_నాన్న
అందరూ రాళ్లు వేసేముందు ఇదీ వినండి. మేమూ ఒకావిడని తెచ్చుకున్నాం, రెండేళ్ల కిందట. ఇక్కడ పసిపిల్లకి డే కేర్ నెలకి రెండు వేల పైన. ఇద్దరంటే ఒకరి జీతం గోవిందా. మా అమ్మకి బైపాస్ అయింది, అత్తగారికి వీసా రిజెక్ట్ అయింది. నా భార్యకి సిజేరియన్ అయిన ఆరో వారం ఆఫీసు. ఏం చేస్తాం?

మేం తెచ్చిన ఆవిడ ఊళ్లో నాలుగు ఇళ్లలో చేసి పన్నెండు వేలు సంపాదించేది. మేం డెబ్భై వేలిచ్చాం. టికెట్లు మావి, తిండి మాది, బట్టలు మావి, నయాగరా కూడా చూపించాం. వెళ్లేటప్పుడు ఏడ్చింది. కూతురి పెళ్లి ఆ డబ్బుతోనే చేసింది. ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తుంది. ఇది దోపిడీ అయితే ఆవిడ మళ్లీ తీసుకెళ్లమని ఎందుకు అడుగుతుంది? పన్నెండు వేలకి పోల్చాలి గానీ పదిహేను డాలర్లకి పోలుస్తారేంటి?

గోంగూర_గ్యాంగ్
నయాగరాకి వెళ్లినప్పుడు స్ట్రోలర్ ఎవరు తోశారు బ్రో?

నిద్రలేని_నాన్న
...

భీమవరం_పిల్ల
నిద్రలేని_నాన్న గారూ, మిమ్మల్ని తిట్టాలని కాదు. నేను ఆ రెండో వైపు నుంచి వచ్చాను కాబట్టి చెబుతున్నా.

మా అమ్మ 2011లో డాలస్ వెళ్లింది, ఇలాగే. అప్పుడు నేను ఇంటర్. మా వీధి చివర డాబా ఇల్లు వాళ్ల అమ్మాయికి పురుడు. వాళ్లమ్మే మా ఇంటికొచ్చి, "నువ్వు మా మనిషివి, బయటివాళ్లని ఎలా నమ్ముతాం" అంది. మాదీ వాళ్లదీ ఒకే కులం, కాబట్టి వరస కలపడం తేలిక. కాన్సులేట్‌లో అడిగితే అత్త అని చెప్పాలి, ఫొటోలు కూడా దిగారు. మా అమ్మ అబద్ధం చెప్పడానికి వారం రోజులు వణికిపోయింది. ఆ అబద్ధమే తర్వాత ఆవిడ మెడకి చుట్టుకుంది. ఏదన్నా అంటే "నువ్వే కదా ఆఫీసరుకి తప్పు చెప్పింది, జైలుకి పోయేది నువ్వే" అనేవాళ్లు.

ఇక పన్నెండు వేల సంగతి. ఊళ్లో నాలుగిళ్లలో చేసే మనిషి మధ్యాహ్నం రెండింటికి ఇంటికొస్తుంది. ఒక ఇంటావిడ మాట తేడాగా ఉంటే రేపటి నుంచి మానేస్తుంది. జ్వరమొస్తే ముసుగుతన్ని పడుకుంటుంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని నలుగురితో మాట్లాడుతుంది. ఇవన్నీ తీసేసి డెబ్భై వేలు ఇచ్చి ఎక్కువిచ్చాం అంటే ఎలా?

మా అమ్మ కూడా వచ్చేటప్పుడు ఏడ్చింది. ఆ పసివాణ్ణి వదలలేక. వాడు ఆవిడ్ని "అమ్మమ్మ" అనేవాడు. తర్వాత ఒక్కసారి కూడా వాణ్ణి వీడియోలో చూపించలేదు.

హెచ్‌ఫోర్_హీరోయిన్
మా అత్తగారు ఇవే పనులు ఆరు నెలలు ఫ్రీగా చేసి వెళ్లింది. ఆవిడకి ఎవరిస్తారు 15.49?

లెక్కల_మాస్టారు
మీ అత్తగారు కోపమొస్తే అలిగి కూర్చుని మీ ఆయనతో మిమ్మల్ని నాలుగు తిట్టించగలరు. ఆ పవరే ఆవిడ జీతం. పక్కింటి పిన్నికి అది కూడా లేదు.

హెచ్‌ఫోర్_హీరోయిన్
హహ, అది మాత్రం నిజం.

రామబాణం77
ప్రతిదానికీ మనవాళ్లని దోషులుగా నిలబెట్టడం ఫ్యాషన్ అయిపోయింది. 2013లో న్యూయార్క్‌లో మన దౌత్యాధికారిణి దేవయాని ఖోబ్రగడేని పనిమనిషి విషయంలో అరెస్ట్ చేసి ఎంత అవమానం చేశారో మర్చిపోయారా? మనవాళ్ల పరువు మనమే తీసుకోవాలా?

పాత_కాపు
మర్చిపోలేదు. ఢిల్లీలో అమెరికా ఎంబసీ ముందు బారికేడ్లు పీకేశారు, టీవీల్లో వారాల తరబడి చర్చలు. అన్నింటిలోనూ అధికారిణి అవమానం గురించే. ఆ పనిచేసిన ఆవిడ కూడా మనదేశం మనిషేనన్న సంగతి ఎంతమంది పట్టించుకున్నారు? వీసా కాగితాల్లో గంటకి 9.75 డాలర్లు అని రాసి, లోపల ముప్పై వేల రూపాయల ఒప్పందం వేరే ఉందన్నది అప్పటి ఆరోపణ. బట్టలూడదీసి తనిఖీ చేయడం తప్పే, నేనూ అప్పుడు మండిపడ్డాను. కానీ ఆ కోపంలో రెండో ఆవిడ జీతం లెక్క కొట్టుకుపోయింది.

నేను కాలిఫోర్నియా బే ఏరియాకి 1997లో వచ్చాను. ఇంకోటి చెబుతా. 1999 నవంబరులో బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంట్‌లో హీటర్ గొట్టం మూసుకుపోయి, కార్బన్ మోనాక్సైడ్‌తో పదిహేడేళ్ల తెలుగమ్మాయి చనిపోయింది. మామూలు ప్రమాదం అనుకున్నారు. ఈ వయసు పిల్ల బడికెందుకు వెళ్లలేదు అని అక్కడి హైస్కూల్ పత్రిక పిల్లలు కూపీ లాగారు. తీరా చూస్తే ఆ బిల్డింగు యజమాని కృష్ణా జిల్లా నుంచి వచ్చి కోట్లు గడించినాయన. ఊరివాళ్లని దొంగ బంధుత్వాలతో వీసాలు వేయించి తెచ్చి పనులు చేయించుకున్నాడు, మైనరు పిల్లల మీద అంతకన్నా ఘోరాలు కూడా. 2001లో ఎనిమిదేళ్లకు పైగా శిక్ష పడింది. అప్పుడు కూడా మన పార్టీల్లో వినిపించిన మాట ఇదే రామబాణం గారూ, "పరువు". ఆ పిల్ల పేరు ఎవరికీ గుర్తు లేదు.

రామబాణం77
అదీ ఇదీ ఒకటేనా? పక్కింటివాళ్లు అరవై వేలు ఇస్తున్నారు.

పాత_కాపు
ఒకటి కాదు. ఒకటని నేననలేదు. తెచ్చిన దారి ఒకటే అంటున్నా.

మెల్‌బోర్న్_మల్లి
ఇక్కడ మెల్‌బోర్న్‌లో తమిళ దంపతుల కేసు కూడా గుర్తు చేస్తా. తమిళనాడు నుంచి పెద్దావిడని టూరిస్ట్ వీసా మీద తెచ్చి 2007 నుంచి 2015 దాకా ఇంట్లోనే ఉంచేశారు. చివరికి అంబులెన్స్ వచ్చేసరికి 40 కిలోలు ఉంది ఆవిడ. 2021లో భార్యకి ఎనిమిదేళ్లు, భర్తకి ఆరేళ్లు జైలు వేశారు. బయటికి చూస్తే మంచి ఏరియా, పిల్లలు స్కూలు, అన్నీ మామూలే. ఎనిమిదేళ్లు ఒక్క పక్కింటివాళ్లు కూడా అడగలేదా అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

నల్లకోటు
నేను లాయర్ని కాదు, లాయర్ ఆఫీసులో పదేళ్లుగా ఫైళ్లు మోస్తున్నా. కాబట్టి ఇది సలహా కాదు, తెలిసింది చెప్పడమే.

మొదట పాస్‌పోర్టు. ఒకరిచేత బలవంతంగా పని చేయించడానికి వాళ్ల పాస్‌పోర్టు దాచిపెట్టడం ఇక్కడ ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా పడొచ్చు. "భద్రంగా ఉంచాం" అనేది ప్రతి ఫైల్లోనూ కనిపించే మాట. న్యూజెర్సీలో ఇంటి పనివాళ్లకి ప్రత్యేక చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉండాలి, వాళ్ల అసలు కాగితాలు మనం పెట్టుకోకూడదు, ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లకి ఆరు రోజులు వరసగా చేస్తే ఒక రోజు సెలవు. న్యూయార్క్‌లో ఇలాంటి చట్టం 2010 నుంచే ఉంది.

రెండోది చాలామంది పొరపాటు పడేది. విజిటర్ వీసా మీద డబ్బుకి పనిచేయడం కుదరదు, నిజమే. అంతమాత్రాన చేసిన పనికి జీతం ఎగ్గొట్టొచ్చని కాదు. ఏ వీసా అయినా, వీసా లేకపోయినా, చేసిన గంటలకి కనీస వేతనం ఇవ్వాల్సిందే. రాష్ట్ర లేబర్ డిపార్ట్‌మెంట్ ఫిర్యాదు తీసుకునేటప్పుడు ఇమిగ్రేషన్ స్టేటస్ అడగదు.

మూడోది పొడిగింపు. కట్టి ఉంటే రసీదు ఉంటుంది. "రసీదు చూపించమ్మా" అని ఆవిడ ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. కట్టకపోతే గడువు దాటిన రోజులు పెరుగుతూ ఉంటాయి. 180 రోజులు దాటాక వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. అంటే ఆవిడని ఇంకా ఉంచుకోవడం వల్ల పోయేది ఆవిడకే.

బెదిరించి, భయపెట్టి పని చేయించారని తేలితే టీ వీసా అని ఒకటి ఉంది, నాలుగేళ్ల దాకా ఇక్కడ ఉండి పనిచేసుకోవచ్చు. కానీ అది ఇక్కడ ఉన్నవాళ్లకే. ఇంటికెళ్లిపోవడమా, నిలబడి అడగడమా అన్నది ఆవిడ తేల్చుకోవాలి, మీరూ నేనూ కాదు. మానవ అక్రమ రవాణా హాట్‌లైన్ 1-888-373-7888. తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు.

ఇంకోటి. ఓక్‌ట్రీ_కోడలు గారూ, మీ పోస్టులో ఊరు, పిల్లల వయసులు, పాలకొల్లు అన్నీ ఉన్నాయి. వాళ్లూ ఇక్కడికి వచ్చేవాళ్లే అయ్యుండొచ్చు. చూసుకోండి.

ఓక్‌ట్రీ_కోడలు
అయ్యో, ఆ ఆలోచనే రాలేదు. కొన్ని వివరాలు కావాలనే మార్చాను, అయినా భయమేస్తోంది ఇప్పుడు. థాంక్స్ అండీ.

నిద్రలేని_నాన్న
నల్లకోటు గారూ, మేం పాస్‌పోర్టు తీసుకోలేదు. అంటే... మా బీరువాలో ఉండేది. అడిగితే ఇచ్చేవాళ్లం.

గోంగూర_గ్యాంగ్
తాళం ఎవరి దగ్గర?

కువైట్_రిటర్న్
రాయచోటి మాది. పద్నాలుగేళ్లు కువైట్‌లో డ్రైవర్‌గా చేసినా. మీ అమెరికా సంగతి నాకు తెలియదు గానీ ఈ కథ మాత్రం తెలుసు.

అందరూ అరబ్బు సేఠ్, అంటే ఇంటి యజమాని, కొట్టినాడు అనే చెప్తారు. అది ఉంది, కాదనను. కానీ మా కడప ఆడోళ్లని, గోదావరి ఆడోళ్లని ముందు ముంచేది ఆజాద్ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చు అని అమ్మే మన ఏజెంటే. సేఠ్ ఇంట్లోంచి పారిపోయి వచ్చిన మనిషి మీద కేసు పడుతుంది, అకామా (అక్కడ ఉండే పర్మిట్) పోతుంది, ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోతుంది. అప్పుడు ఎవరింటికి పోతుంది? ఫర్వానియాలోనో, ఖైతాన్‌లోనో తెలుగోళ్ల రూముకి. పాపం మన మనిషి అని ముందు అన్నం పెడతారు. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో వంట, పిల్లలు, పక్క రూముల బట్టలు. కువైట్‌లో ఇంటి పనోళ్ల చట్టం 2015లో వచ్చింది, వారానికి ఒక సెలవు, రోజుకి 12 గంటలకి మించి వద్దు అని ఉంది. 2016లో కనీస జీతం 60 దినార్లు పెట్టినారు. మన తెలుగు కుటుంబం నలభై ఇస్తుంది. ఎక్కువ అడిగితే "పోలీసుకి ఫోన్ చేసేదా అక్కా?" అని నవ్వుతూ అంటారు. అదే నవ్వు, అదే అక్కా.

చానా మంది 2018లో, 2024లో క్షమాభిక్ష వచ్చినప్పుడు ఇంటికి పోయినారు. మా ఊరి ఆమె ఒకామె ఏడేళ్ల తర్వాత అట్ల వచ్చింది. కొడుకు గుర్తుపట్టలేదు.

భీమవరం_పిల్ల
కువైట్ వెళ్లేవాళ్లకి కనీసం ఇండియాలో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అని ఒక తనిఖీ ఉంది. ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లకి ఇవ్వరు, ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి, అది ఎంతవరకు అమలవుతోందన్నది వేరే సంగతి. ఆ లిస్టులో 18 దేశాలున్నాయి, అమెరికా లేదు. అమెరికాకి "చుట్టం"గా వెళ్లే మా అమ్మ లాంటివాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. టూరిస్టులు!

మనకెందుకు_మామ
సరే, నేను మొదట అన్నదాంట్లో తొందరపడ్డానేమో. కానీ నేరుగా పోలీసుల్ని పిలిస్తే ఆ పసిపిల్లల తల్లిదండ్రుల హెచ్‌వన్ ఉద్యోగ వీసా సంగతేంటి? ఒకసారి మర్యాదగా వాళ్లతో మాట్లాడి చూడొచ్చుగా? పెద్దవాళ్లెవరినైనా మధ్యలో పెట్టి.

నల్లకోటు
వాళ్లతో ముందు మాట్లాడితే మర్నాడు ఆవిడ ఇంకో ఊళ్లో వాళ్ల ఫ్రెండ్ ఇంట్లో ఉంటుంది. ఫైళ్లలో చూశాను. ముందు ఆవిడతో, ఆవిడకి ఏం కావాలో.

ఓక్‌ట్రీ_కోడలు
అప్‌డేట్. ఇవాళ వాళ్లిద్దరూ ఆఫీసుకి వెళ్లిన రోజు. ఆంటీ పిల్లల్ని స్ట్రోలర్‌లో వేసుకుని మెయిల్‌బాక్స్ దాకా వచ్చింది. పదిహేను నిమిషాలు మాట్లాడాం.

పోలీసులు అనగానే చేతులు పట్టుకుని వద్దమ్మా అని ఏడ్చింది. నేను భయం వల్ల అనుకున్నా. అసలు సంగతి వేరే. ఆవిడ కొడుకు ఆటో కొనుక్కోవడానికి నాలుగు లక్షలు అప్పిచ్చింది ఎవరనుకున్నారు, ఈ పక్కింటాయన వాళ్లమ్మ. అదే ఊళ్లో, రెండు వీధుల అవతల. అరవై వేలల్లో నెలకి ముప్పై ఆ అప్పుకే పట్టుకుంటున్నారట. అంటే చేతికొచ్చేది ముప్పై. అదీ రెండు నెలలుగా "పొడిగింపు ఫీజు కట్టాం కదా" అని ఆపేశారు. ఇక్కడ ఆవిడ గట్టిగా మాట్లాడితే అక్కడ పెద్దావిడ ఆటో తాళాలు లాక్కుంటుంది. ఇప్పటికే ఒకసారి మనిషిని పంపిందట.

ఆవిడకి కావలసింది మూడు ముక్కల్లో చెప్పింది: "నా పుస్తకం నాకిప్పించు, నా రెండు నెలలు నాకిప్పించు, నన్ను బండెక్కించు." పుస్తకం అంటే పాస్‌పోర్టు.

ఇంకా ఏమందో తెలుసా? "ఆ అమ్మాయి చెడ్డది కాదమ్మా, పాపం దానికీ నిద్ర లేదు." నాకు ఏమనాలో తెలియలేదు.

లెక్కల_మాస్టారు
నా లెక్క వెనక్కి తీసుకుంటున్నా. చేతికొచ్చేది ముప్పై వేలైతే గంటకి 85 సెంట్లు కూడా లేదు.

రామబాణం77
అప్పు తీర్చుకోవడం తప్పెలా అవుతుంది?

భీమవరం_పిల్ల
అప్పిచ్చినవాళ్లు, పని చేయించుకునేవాళ్లు, పాస్‌పోర్టు పెట్టుకున్నవాళ్లు ఒక్కరే అయితే దాన్ని ఏమంటారో మీ తాతగారిని అడగండి. పాలేరు అనేవాళ్లు మా ఊళ్లో.

కువైట్_రిటర్న్
కరెక్టుగా చెప్పినావు చెల్లీ.

నల్లకోటు
అప్పు సంగతి చాలా ముఖ్యం. ఇక్కడి చట్టంలో బలవంతం అంటే కొట్టడమే కాదు, ఆస్తి పోతుందనో పోలీసులు పడతారనో బెదిరించి చేయించడమూ అందులోకే వస్తుంది. లాయరుకి మొదటి మాటగా ఇదే చెప్పండి. పాస్‌పోర్టు నిజంగా ఇవ్వకపోయినా దారి మూసుకుపోదు. న్యూయార్క్‌లోని మన కాన్సులేట్ ఇంటికి వెళ్లడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, పాస్‌పోర్టు నంబరో కాపీయో ఉంటే పని తేలిక. కొడుకు దగ్గర జెరాక్స్ ఉందేమో అడగండి.

నిద్రలేని_నాన్న
ఈ థ్రెడ్ మా ఆవిడ కూడా చదివింది. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. మేం ఇవ్వాల్సింది ఎంతో చూస్తే... ఇక్కడ రాయను. మొత్తం ఒకేసారి మాతో కాదు. సంక్రాంతికి ఆవిడ ఫోన్ చేసేదాకా ఆగకుండా మేమే చేద్దాం అంది మా ఆవిడ. ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు.

భీమవరం_పిల్ల
ముందు పిల్లని వీడియోలో చూపించండి. తర్వాత డబ్బు మాట. డబ్బు మాట మాత్రం మర్చిపోకండి.

హెచ్‌ఫోర్_హీరోయిన్
ఓక్‌ట్రీ, ఆంటీ మోకాళ్లకి ఏం బిళ్లలిస్తున్నారో పేరు కనుక్కో. మా చెల్లి ఫార్మసిస్టు, చూసి చెబుతుంది. వయసు పైబడిన మనిషి, నెలల తరబడి పెయిన్ కిల్లర్లు వేసుకుంటే కిడ్నీలు పాడైపోవచ్చు.

ఓక్‌ట్రీ_కోడలు
అడుగుతా. జెరాక్స్ కొడుకు దగ్గర ఉందట, పంపించాడు. ఉచితంగా చూసే ఒక లాయరుతో టైమ్ దొరికింది, తెలుగు మాట్లాడే మనిషిని లైన్లో పెడతామన్నారు. శనివారం పక్కింటివాళ్లు ఏదో బర్త్‌డే పార్టీకి వెళ్తున్నారు, పిల్లలతో సహా. ఆంటీని రమ్మనలేదు. గంట సేపు మా ఇంటికి పంపండి, ఆవకాయ కలపడం చూపిస్తారు అని వాళ్లనే అడిగాను, సరే అన్నారు. మా ఆయన కూడా ఇంట్లోనే ఉంటానన్నారు. ఆవ నిన్నే పొడి కొట్టిపెట్టాను, నిజంగానే కలపాల్సి వస్తే అని.

గోంగూర_గ్యాంగ్
మాకు అప్‌డేట్ పెట్టు. ...వద్దులే, పెట్టకు.